జాతి చూసే ఎలియేసర్

ఎలియేసర్ పెంచిన పందెం కోళ్ల కోసం కాలీ నగరం నుంచి కూడా మనుషులు వచ్చేవారు. పిల్లల్లో ఒక్కటి వంకర కాళ్లతో పుట్టినా ఊరుకునేవాడు కాదు. పిల్లను వదిలేసి దాని తండ్రిని పట్టుకొచ్చి, "తప్పు పిల్లది కాదు. విరవాల్సింది పుంజు మెడ" అంటూ విరిచేసేవాడు. ఆ పూట ఇంట్లో అరటికాయ వేసి కోడి పులుసు.

మనవడు డువాన్‌కి నాలుగేళ్లొచ్చినా మాటలు సరిగ్గా రాలేదు. చేతులు ఆడించుకుంటూ, ఎవరి కళ్లలోకీ చూడకుండా, విన్న ముక్కనే పదేపదే అనేవాడు. ఊళ్లో అలాంటి పిల్లలు చాలామందే ఉన్నారు. అందరూ నీళ్ల దోషమనేవారు. ఎలియేసర్ మాత్రం జాతి దోషమే అన్నాడు. అల్లుడు అర్నుల్ఫోను వీధిలోకి ఈడ్చి, "నీది చెడ్డ జాతిరా! మళ్లీ ఈ గడప తొక్కావో, పుంజుని విరిచినట్టు విరుస్తా" అని తరిమేశాడు. కూతురు నూబియా కాళ్లు పట్టుకుని ఏడ్చినా ఆ మహానుభావుడు కరగలేదు. ఏడాది తిరక్కుండా అర్నుల్ఫో పక్క ఊళ్లో మరొకామెతో కాపురం పెట్టాడు.

ఏడేళ్ల తర్వాత కాలీ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చి ఊరందరి రక్తం తీసుకుంది. అప్పటికే ఎలియేసర్ చేతులు వణికి, పుంజు కాలికి పందెం ముల్లు కట్టలేకపోతున్నాడు. వయసు మీద పడిందనుకున్నాడు.

ఫలితాలొచ్చాక డాక్టరమ్మ తండ్రీకూతుళ్లిద్దర్నీ కూర్చోబెట్టింది. "ఒంట్లో కణాలు ఆర్ఎన్ఏ అనే చీటీలు చదివి ప్రోటీన్లు తయారుచేస్తాయి. ఆ చీటీల్ని పట్టుకుని 'ఇప్పుడే వద్దు, ఆగు' అనే ప్రోటీన్ ఒకటుంది. డువాన్‌కి అదే తయారవట్లేదు. ఆపేవాళ్లు లేక మెదడులో తయారీ అదుపు తప్పింది."

"వాళ్ల నాన్న నుంచేగా?" అన్నాడు ఎలియేసర్ ధీమాగా.

"కాదండీ. మగపిల్లలకి ఇది తల్లి నుంచే వస్తుంది. ఆవిడకి మీ నుంచి వచ్చింది. మీలో లోపం చిన్నది, బాబు దాకా వచ్చేసరికి పెరిగింది. మీ చేతుల వణుకూ దానివల్లే."

"అంటే అర్నుల్ఫో తప్పేం లేదా?" అంది నూబియా.

"ఏమీ లేదమ్మా."

నూబియా ఏడవలేదు. "వెళ్లి ఆయన్ని తీసుకురా నాన్నా. మెడబట్టి గెంటింది నువ్వేగా? తేగలవా?"

ఎలియేసర్ వణికే చేతుల్ని తొడల కింద దాచుకున్నాడు. తాత చొక్కా పట్టుకుని నిలబడ్డ డువాన్ గోడకేసి చూస్తూ, అచ్చం తాత గొంతుతో అందుకున్నాడు.

"తప్పు పిల్లది కాదు. విరవాల్సింది పుంజు మెడ. విరవాల్సింది పుంజు మెడ."

వాణ్ని ఎవరూ ఆపలేదు.