వాలుగ దవడ

ఆమదాలవలసలో మాది బట్టల కొట్టు. మా ఇంట్లో నీచు వండరు. వండడం దాకా ఎందుకు, వీధిలో చేపల బుట్ట పోతుంటేనే మా అత్తగారు తలుపు వేసేసేవారు. అదే అత్తగారు పూజకి మడి కట్టుకునేది మాత్రం పొందూరు నూలు చీర. ఆ నూలు తీసే ముందు పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని ఆవిడకి తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సంగతే అడిగి చీవాట్లు తిన్నాను. "పత్తికి మైలేమిటే? నీ నోటికే మైల" అన్నారు. మళ్లీ అడగలేదు.

చేప తినేవాళ్లు తినగా మిగిలిన దవడ అది. సన్నటి పళ్లు చిక్కగా వరస కట్టి ఉంటాయి. కొండపత్తిని గింజ మీద ఉండగానే ఆ పళ్లతో దువ్వితే నలకలు పోయి పోగులన్నీ ఒకే వైపు పడుకుంటాయి. పొందూరు నూలు అంత సన్నగా రావడానికి కారణం అదే.

మా కొట్టుకి వచ్చే చీరలకి పొందూరులో ఆ నూలు వడికే ఆవిడ నాకంటే పెద్దది. నేను అప్పా అనేదాన్ని, ఆవిడ నన్ను షావుకారమ్మా అనేది. భర్త లేడు, ఒక్కతే కూతురు. ఆ పిల్లకి పని చక్కగా పట్టుబడింది గానీ మనసు లేదు. ఊళ్లో ఆడపిల్లలు ఒక్కొక్కరే విశాఖ అవతల బట్టలు కుట్టే కంపెనీలకి పోయి, హాస్టళ్లలో ఉంటున్నారు. తనూ పోతానని కూర్చుంది.

"ఒక్క పెద్ద బేరం తగిలితే దీన్ని ఆపగల్ను, షావుకారమ్మా. ఇది ఎలిపోతే నాకు ఇల్లేటి, రాట్నమేటి?" అనేది అప్ప.

నాకూ అదే దిగులు. ఉన్నది ఆ ఇద్దరే, ఒకరికొకరు.

ఆ రోజుల్లోనే, పెద్ద నగరాలన్నిటా కొట్లున్న ఒక బట్టల కంపెనీ ఇకమీదట తోలు, ఉన్ని, పట్టు, ఈకలు, మూగజీవాల నుంచి తెచ్చేది ఏదీ అమ్మబోమని ప్రకటించింది. పేపర్లో చదివి సంబరపడ్డాను. పట్టుపురుగుల్ని బతికుండగానే ఉడకబెడతారని తెలిసిన నాటి నుంచి పెళ్లి చీర కూడా బీరువాలోంచి తీయని మనిషిని నేను. పట్టు మానేశారు కాబట్టి దాని బదులు మంచి నూలు చీరలు కావాలని ఆ కంపెనీవాళ్లే మా కొట్టుకి ఫోన్ చేశారు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాను.

వాళ్ల దగ్గర్నుంచి వచ్చినామె తెలుగు పిల్లే, నగరంలో పెరిగింది. పొందూరు తీసుకెళ్లాను. అప్ప ఇంట్లో చాప మీద కూర్చుని చీరని ఒళ్లో పరుచుకుని, "ఆంటీ, ఇది చేత్తో చేసిందా!" అని మురిసిపోయింది. ఎన్ని చీరలు ఇవ్వగలరో, ఎప్పటికి ఇవ్వగలరో మాట్లాడింది. అప్ప కూతురు తలుపు దగ్గర నిలబడి అంతా వింటోంది. మొదటిసారి ఆ పిల్ల ముఖంలో ఆశ చూశాను.

ఆ ఇంటికి ఒక మర్యాద ఉంది. పెద్ద బేరానికి వచ్చిన వాళ్ల చేత కొత్త దవడతో మొదటి ఏకు ఏకిస్తారు. అప్ప దవడకి పసుపు రాసి, బొట్టు పెట్టి తెచ్చి ఆ కంపెనీ పిల్ల అరచేతిలో పెట్టింది.

"ఇదేమిటండీ?"

"వాలుగ సేప దవడమ్మా! మాయమ్మ దీంతోనే ఏకింది, మా అప్పమ్మా దీంతోనే ఏకింది. పట్టుకో, బయం నేదు."

నేనూ పక్కనే పళ్లికిలించుకుని నిలబడ్డాను. ఇన్నేళ్లు చేప గుమ్మం తొక్కని ఇంట్లో ఉన్న నాకే ఆ క్షణాన అది చేప అని తట్టలేదు! ఆ పిల్ల ముఖం పాలిపోయాక తట్టింది.

బయటికి వచ్చాక మెల్లగా చెప్పింది. "మూగజీవాలది ఏదైనా బట్టలో లేకపోయినా సరే, తయారీలో వాడితే మా వాళ్లు ఒప్పుకోరు ఆంటీ. నేను దాచినా తనిఖీకి వచ్చేవాళ్లు చూస్తారు."

నాకు ఒళ్లు మండింది. "దవడ కోసం చేపని ఎవరూ పట్టరమ్మా. తిని పారేసిందే అది. మీరు అమ్మే చొక్కాల్లో ఉండేది ప్లాస్టిక్ దారం కాదూ? ఉతికినప్పుడల్లా ఆ పీచు నీళ్లలోకే పోతుంది కదా, చేప కడుపులోకి?"

"నిజమే ఆంటీ. కానీ అది చూసే శాఖ వేరు."

వెటకారం కాదు, నిజంగానే అంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. చెడ్డదైతే తిట్టిపోసేదాన్ని. వాళ్ల నియమమూ చెడ్డది కాదు, నేను మెచ్చుకున్నదే. తిట్టడానికి మనిషి దొరకని కోపం కన్నా నరకం లేదు.

లోపలికి వెళ్లి చెప్తే అప్పకి అర్థం కాలేదు. "మరి ఆ సేపని తినీసినోళ్లకి తప్పు నేదా?" అని అడిగింది. వాళ్లకేమీ లేదన్నాను.

దవడ లేకుండా ఒక చీర చేసి పంపమని వెళ్తూ వెళ్తూ ఆ కంపెనీ పిల్ల చెప్పింది. ఇక చూడాలి నా అవస్థ. దొరికిన ప్రతి దువ్వెనా కొన్నాను, ఈరుదువ్వెనతో సహా. అప్ప అన్నిటితోనూ ఏకింది. పోగులు తెగిపోయేవి, నూలు ముద్దలు కట్టేది. ఎలాగో ఒక చీర అయిందనిపించి పంపాం. చాలా మర్యాదగా జవాబు వచ్చింది. మీ శ్రమకి ధన్యవాదాలు, కానీ మేము మెచ్చుకున్న చీరలా ఇది లేదు అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ జవాబు విన్నాక అప్ప కూతురు బట్టలు సర్దుకుంది. వెళ్లే రోజు పొందూరు స్టేషన్‌కి నేనూ వెళ్లాను. పాసింజరు కదిలి వెళ్లిపోయాక కూడా అప్ప ప్లాట్‌ఫారం మీదే నిలబడింది.

"ఆ కంపెనీల ఏటి బట్ట కుడతారు, షావుకారమ్మా?"

"నూలు కాదప్పా. ప్లాస్టిక్ దారంతో నేసింది."

"దానికి ఏకక్కర్నేదా?"

"అక్కర్లేదు."

తన వేళ్ల వంక చూసుకుంది. చివర్లంతా చేప పళ్లు గుచ్చుకున్న మచ్చలు.

"పోన్లే. దాని సేతులు బాగుంటాయి."

నా ముఖం చూసి, నన్ను ఓదార్చడానికే ఆ మాట అంది. కూతుర్ని రైలెక్కించిన మనిషి నన్ను ఓదారుస్తోంది. అవునప్పా అని తలూపాను. అంతకన్నా నా చేత ఏమీ కాలేదు.