ఎలుకలకు పసుపు రాసిన వైనం

ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్లను మీరెరుగుదురు. ఎలుక మీద జాలితో ఒకరి చదువుకే నిప్పు పెట్టబోయినదాన్ని నేను. చెబుతాను, నవ్వుకోండి.

నలభై దాటాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుని, ధవళేశ్వరం నుంచి రాజమండ్రిలో ఓ కాలేజీ ల్యాబుకి ఆయాగా వెళ్లేదాన్ని. అక్కడ శిరీషగారనే పరిశోధక విద్యార్థిని, విరిగిన ఎముకలకు వేసే కొత్తరకం పలకను పరీక్షిస్తుండేవారు. దాని ముక్కను తెల్లెలుక వీపు చర్మం కింద పెట్టి కుట్టేవారు. ఒళ్లు దాన్ని ఓర్చుకుంటుందా, వాచి ఎర్రబడి తిరగబడుతుందా అని చూసేవారు. తర్వాత అక్కడి కండను వెంట్రుకకన్నా పల్చగా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టాలి. ఆవిడ పీహెచ్‌డీ అంతా ఆ వాపు మీదే నిలబడి ఉంది.

ఓ శనివారం బోనులు కడుగుతుంటే గోడ మీద కాగితం కనిపించింది. కొత్తగా చదవడం వచ్చినవాళ్లు అగ్గిపెట్టెను కూడా వదలరు కదా. కూడబలుక్కుని చదివాను: ‘కుట్ల మీద ఏ మందూ పూయరాదు.’ ఎంత రాతిగుండెలో అనుకున్నాను. కుట్లు చూస్తే పండుమిరపకాయల్లా ఉబ్బి ఉన్నాయి. మందు వద్దన్నారు, సరే. పసుపు మందు కాదు కదా, రోజూ పప్పులో వేసేదే. మర్నాడు ఇంటి నుంచి పొట్లం కట్టుకొచ్చి, కొబ్బరినూనెలో రంగరించి, ఏ ఎలుకనీ చిన్నబుచ్చకుండా పూశాను.

సోమవారం శిరీషగారు గుమ్మంలోనే నిలబడిపోయారు.

“అమ్మాజీగారూ, ఏంటండీ ఇది? వీటికి పెళ్లేమన్నా కుదిరిందా?”

“పసుపండి. కుట్లు పొంగాయని.”

“పూయొద్దని రాశాం కదండీ.”

“మందు పూయొద్దన్నారండి. పసుపు మందేంటండి, కూరలోది.”

“వాపు తగ్గిందా?”

“బాగా లాగేసిందండి,” అన్నాను, సన్మానానికి తల వంచినట్టు.

ఆవిడ స్టూలు మీద కూలబడ్డారు. “ఆ వాపేనండీ నేను చూడాల్సింది. ఇప్పుడు నా పలక మంచిదో, మీ పసుపు మంచిదో ఎలా తేలుతుంది?”

ఆవిడ కళ్లు తుడుచుకుంటుంటే, నేను వల కొరికిన పీతలా మూలకి జరిగాను.

“పని మానేస్తానండి.”

“మీరు మానేస్తే ఇంకొకావిడ వస్తారు. ఆవిడేం రాస్తారో ఏమో. ముందిది చెప్పండి, దెబ్బలకి మీ ఇళ్లల్లో ఇంకేం పెడతారు?”

“కాఫీపొడండి. సున్నం. సాలెగూడు. మరీ పెద్ద దెబ్బైతే...”

“చాలండి.”

కొత్త ఎలుకలతో అంతా మళ్లీ మొదలుపెట్టారు. నన్ను పంపేయలేదు. ఆలస్యమైనా పట్టా వచ్చింది. ఆ సంబరంలో గాజుస్లైడు జారి పగిలి, ఆవిడ వేలు తెగింది.

“అమ్మాజీగారూ, కాస్త పసుపుందా అండి?”

“ముందు మీ ప్రొఫెసరుగారిని అడిగి రండి, రాస్తాను.”

ఇందుమూలంగా గోదారి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మనిషైనా, ఎలుకైనా, రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఏ గాయానికీ చిటికెడు పసుపు పూయను. పప్పుకి మాత్రం మినహాయింపు.