బెల్లం వేసిన బైండింగు

ఒక పుస్తకాన్ని బాగుచేయబోయి, దాన్ని ఈ లోకంలోనే లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను. మీరు హాయిగా నవ్వుకోండి గానీ, మా అలమేలు ఎదుట మాత్రం నవ్వకండి. ఆ పుస్తకం వాళ్ళ నాన్నది.

అప్పట్లో నేను తిరుపతిలో గుమాస్తాని. కోపం ముక్కుమీదే ఉండేది. ఆఫీసులో ఫైలు కనపడకపోతే ఇంట్లో కంచం ఎగిరేది. డాక్టరు బీపీ చూసి, "చేత్తో చేసే పని ఏదన్నా పెట్టుకో అప్పా, మనసు నిమ్మళంగా ఉంటాది" అన్నాడు. తోటపనికి ఇంట్లో చోటు లేదు, వీణకు నాకు వేళ్ళు లేవు. అందుకని దబ్బనం, దారం, అట్టలు, మైదా కొనుక్కొచ్చి బైండింగు మొదలుపెట్టాను. పంచాంగం నుంచి రేషను కార్డు దాకా ఏ కాగితమూ నా దబ్బనాన్ని తప్పించుకోలేదు. కుట్టాక రేషను కార్డు మళ్ళీ తెరుచుకోలేదు, అది వేరే కథ.

అంతలో తిరుచానూరు నుంచి మామగారు దిగారు. ఏటా ధనుర్మాసం మొదటిరోజు తెల్లవారుజామున మా వీధి భజనమందిరంలో ఆయనే ప్రసంగం చెప్పాలి. చేతిలో వాళ్ళ నాయన ఇచ్చిన పుస్తకం ఉంటే తప్ప నోరు తెరవరు. తెరిస్తే మూయరు. ఆ పుస్తకం విప్పితే పేజీలు ఉసిళ్ళలా ఎగిరిపోయేవి.

"రేపే నెల పట్టేది అల్లుడుగారూ. ఇది చేతిలో లేకుంటే నాకు మాట రాదు. జాగ్రత్త!" అంటూ నా చేతికిచ్చారు.

పురుగు పట్టకుండా బైండింగు జిగురులో మైలుతుత్తం కలుపుతారు. దేవుడి పుస్తకంలో విషమా! నా భక్తి ఒప్పుకోలేదు. బదులుగా చారెడు బెల్లం, చిటికెడు పచ్చకర్పూరం వేసి కాచాను.

"ఏమండీ, అది జిగురా, పాయసమా?" అంది అలమేలు.

"నీకు కళ తెలీదు."

"పాయసం తెలుసు కదా!"

కుట్టి, అంటించి, రుబ్బురోలు పొత్రం కింద అణిచి, అరుగుమీద ఎండకు పెట్టి ఒక కునుకు తీశాను. మా వీధి ఆవుల సంగతి మీకు తెలియదు. సినిమా పోస్టరు అంటించినవాడు నిచ్చెన దిగేలోపే, మైదా కోసం హీరోని నమిలేసేవి. అలాంటి వాటికి నేను బెల్లం కలిపి మరీ వడ్డించాను.

"అలమేలమ్మా! మా గౌరి నోట్లో ఏందో ఎర్రటి అట్ట ఉండాది, వచ్చి సూడు!" ఎదురింటి మునెమ్మ కేకకు లేచి పరుగెత్తాను. పుస్తకం వీపుకు నేను అంటించిన గుడ్డ ముక్క ఒక్కటే బయట వేలాడుతోంది. నేను లాగాను. గౌరి లాగింది. గౌరే గెలిచింది.

మామగారు బయటికొచ్చారు. "పుస్తకం యాడ?"

"లోపలికి పోయింది మామగారూ."

"ఏ లోపలికి?"

మునెమ్మ ఆవు పొట్ట చూపించింది. "కొట్టబాకండి సామీ, సూడి ఆవు!"

మామగారు అరుగుమీద కూలబడ్డారు. "రేపు నేనేం చెప్పేది?" అంటూ ఖాళీ చేతుల్లోకి చూసుకున్నారు. నిజంగా సిగ్గుతో చచ్చిపోయాను. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు. నాది కోతి కూడా కాలేదు, ఆవుకు ఫలహారమైంది.

మర్నాడు మందిరం నిండిపోయింది. మామగారు ఖాళీ చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు వాళ్ళ నాయన ఒళ్ళో కూర్చుని విన్న కథ ఒకటి చెప్పారు. చిన్న కథే. వింటున్నవాళ్ళకు కళ్ళు చెమర్చాయి. "నాకు వచ్చింది ఇంతే తల్లీ" అని అమ్మవారికి దణ్ణం పెట్టి కూర్చున్నారు.

జనం ఇంకా ఆవలింతలు కూడా మొదలుపెట్టలేదు! ప్రతి ఏడూ ప్రసంగం ముగిసేసరికి ప్రసాదం పొంగలి ఇటుకలా బిగుసుకుపోయేది. ఆ రోజు ఆకులో పొగలు కక్కింది. నెయ్యి మోచేతుల దాకా కారింది. మామగారి కాళ్ళకు మొక్కనివాళ్ళు లేరు. ఆయన మురిసిపోయి, నన్ను కూడా క్షమించేశారు.

సాయంత్రం మందిరం పెద్దాయన చంకలో ఒక లావుపాటి పుస్తకం పెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"వచ్చేవారం మా అన్న ప్రసంగం ఉండాది. ఆయన పుస్తకం ఇది. కొంచెం బైండు చేసిపెట్టప్పా" అని, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "బెల్లం మాత్రం తక్కువ వెయ్యబాక."

ఆ క్షణమే దబ్బనం మునెమ్మకు దానం చేశాను. ఏడుకొండలవాడి మీద, గౌరి మీద ఒట్టు. ఈ జన్మలో మళ్ళీ జిగురు కాచను. బెల్లం అంటూ వేస్తే పాయసంలోనే వేస్తాను, అదీ అలమేలు పక్కనుంటేనే.