రా బుజ్జీ, పోదాం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ అనుకోలేదు. కెమిస్ట్రీలో పీజీ చేశాను. హాస్టల్లో అమ్మాయిలు కథలు చెప్పుకుని భయంతో ముగ్గురేసి ఒక మంచం మీద పడుకుంటే, నేను ఒక్కదాన్నే వరండా చివరిదాకా వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చేదాన్ని. ఇప్పుడైనా నమ్ముతున్నానని చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే. పాప పడుకుంది. రాస్తూ మధ్యలో రెండుసార్లు లేచి చూసొచ్చాను. అదీ దాచను.

మాది నరసరావుపేట. మిరపకాయలు ఎగుమతి చేసే కంపెనీ ల్యాబ్‌లో పని చేస్తాను. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చిన టిక్కీ బస్తాల్లోంచి శాంపిల్ తీసి తేమ ఎంత, తెల్లబారిన తాలుకాయ ఎంత, బూజు పట్టిందా లేదా చూడటం నా ఉద్యోగం. పోయిన ఏడాది, మా కాయ కొనే మలేషియా కంపెనీ వాళ్ళు పరీక్షలన్నీ తమ పద్ధతిలోనే చేయాలన్నారు. అది నేర్చుకోవడానికి నన్ను ఆరు రోజులు అక్కడికి పంపారు.

మా పాప సహస్రకు అప్పటికి మూడేళ్ళు దాటాయి. ఇంట్లో అందరం బుజ్జి అని పిలిచేవాళ్ళం. నన్ను వదిలి ఒక్క రాత్రి కూడా ఉండి ఎరగదు. బయల్దేరే రోజు కారెక్కుతూ "ఇప్పుడే వస్తా" అన్నాను. రోజూ ల్యాబ్‌కి వెళ్ళేటప్పుడు చెప్పే మాటే. అది తలూపి, చేతిలో ఉన్న బిస్కెట్టు తింటూ నిలబడింది. విమానం ఎక్కేదాకా ఆ తలూపడం నా కళ్ళ ముందే ఉంది.

ఇక్కడ మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడది మాచవరం వైపు పల్లెటూరు. పాప పుట్టినప్పటి నుంచి నాకొక అలవాటు నేర్పింది. పసిబిడ్డతో ఎక్కడికి వెళ్ళినా, తిరిగి లేచేటప్పుడు బిడ్డను పేరు పెట్టి పిలిచి "రా, పోదాం" అనాలి. అనకపోతే బిడ్డ ఒళ్ళు మనతో వస్తుందట, ప్రాణం అక్కడే ఆడుకుంటూ ఉండిపోతుందట. నేను నవ్వేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. ఆస్పత్రి నుంచి లేచినా, పెళ్ళి మంటపం నుంచి లేచినా, కోటప్పకొండ దిగుతున్నా "రా బుజ్జీ, పోదాం." చివరికి అది నోటికి పట్టేసింది. తాళాలు, ఫోను ఉన్నాయో లేదో తడిమి చూసుకోవడం లాంటిదే.

మలేషియాలో నాకు పని నేర్పినవాళ్ళు ఇద్దరు. ల్యాబ్ చూసే మేలింగ్ నా వయసుదే, చైనీస్ కుటుంబం. హఫీజ్ గారు నలభై దాటిన మలయ్ ఆయన, సరుకు దిగుమతి చూస్తారు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. మొదటి రోజే మేలింగ్‌కు పాప ఫొటోలు చూపించాను. రెండో రోజూ చూపించాను. మూడో రోజు నేను ఫోన్ తీయగానే, "ఇంకో నలభై ఫొటోలా? ఈసారి నాకు పరీక్ష పెట్టు, అన్నీ గుర్తున్నాయి" అని ఏడిపించింది.

ఆదివారం సెలవు. ఇద్దరూ నన్ను హఫీజ్ గారి కారులో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరికి తీసుకెళ్ళారు. రెండు గంటల దారి. మధ్యలో పాత కొబ్బరి తోట ఒకటి ఉందనీ, అది నేను చూడాలనీ మేలింగ్ ఆపించింది. తెల్లవాళ్ళ కాలంలో మన వైపు నుంచి కూలీలను తీసుకెళ్ళి అక్కడ పెట్టారట. వాళ్ళున్న గదుల వరసలో ఇప్పుడు పునాదులే మిగిలాయి. వెనక గడ్డిలో సమాధులున్నాయి.

ఉదయం పదకొండు. ఎండ బాగా ఉంది. భయపడే చోటేం కాదు. పక్క తోటలో ఎవరో మోటారు మీద గడ్డి కోస్తున్నారు.

చివరి వరసలో రాళ్ళు చిన్నవి. జానెడు కూడా లేవు. అవి ఎవరివో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒక రాయి మీద తెలుగు అక్షరాలు కనిపించాయి. అంత దూరం వచ్చాక తెలుగు కనిపిస్తే ఎలా ఉంటుందో చెప్పలేను. కూర్చుని నాచు గీకాను. ముందున్న అక్షరాలన్నీ అరిగిపోయాయి. చివర "మ్మ" ఒక్కటే తెలుస్తోంది.

కాసేపు అక్కడే కూర్చున్నాను. మేలింగ్ టైమైందని పిలిచింది. లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన గడ్డి దులుపుకుంటూ, "రా బుజ్జీ, పోదాం" అన్నాను.

అనేశాక నాకే నవ్వొచ్చింది. మేలింగ్ అడిగితే అర్థం చెప్పాను. ఆమె కూడా నవ్వింది. హఫీజ్ గారు నవ్వలేదు. వచ్చిన దారి వైపు చూసి ముందు నడిచారు.

కారు వెనక తలుపు ఆయనే తీసి పట్టుకున్నారు. నేనెక్కి కూర్చున్నాను. తలుపు వెంటనే వేయలేదు. రెండు మూడు క్షణాలు అలాగే పట్టుకుని నిలబడి, అప్పుడు వేశారు. మర్యాద కాబోలు అనుకున్నాను.

కారు కదిలాక, ఎవరో బెల్టు పెట్టుకోలేదని గంట మోగడం మొదలైంది. నేను పెట్టుకునే ఉన్నాను. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ పెట్టుకున్నారు. గంట వెనక మధ్య సీటు కోసమని డాష్‌బోర్డు మీద చూపిస్తోంది. నా బ్యాగు కాళ్ళ దగ్గర ఉంది. సీటు మీద నీళ్ళ సీసా కూడా లేదు. చేత్తో తడిమి చూశాను. గంట ఆగలేదు. మేలింగ్ విసుక్కుని వెనక్కి వంగి, ఖాళీ సీటుకు బెల్టు పెట్టేసింది. ఆగిపోయింది.

మధ్యాహ్నం చేపల హోటల్లో ముగ్గురం కూర్చున్నాం. వడ్డించే ముసలావిడ మూడు పళ్ళేలు పెట్టి, నా పక్కన ఇంకో చిన్న ప్లాస్టిక్ పళ్ళెం పెట్టింది. అందులో కాస్త అన్నం, సగానికి కోసిన ఉడకబెట్టిన గుడ్డు. మేలింగే ఆట పట్టిస్తోందని నాకు ఖాయంగా అనిపించింది.

"నువ్వే చెప్పావు కదూ?" అన్నాను.

"నేనా? నాకు ఆకలేస్తే ఇంకొకరికి గుడ్డు ఆర్డరిస్తానా?" అంది. ముసలావిడను అడుగుదామని చూస్తే లోపలికి వెళ్ళిపోయింది. హఫీజ్ గారు తలెత్తకుండా తింటున్నారు. ఆయన మీద నాకు అనుమానం అక్కడే మొదలైంది.

ఆ సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేశాను. రోజూ ఫోన్ లాక్కుని ముద్దులు పెట్టే పాప, ఆ రోజు అత్తయ్య ఒళ్ళో మొహం దాచుకుంది. ఒళ్ళు వెచ్చగా ఉందనీ, పొద్దున తొమ్మిది తర్వాత మెతుకు ముట్టలేదనీ మా ఆయన చెప్పారు. డాక్టరు వైరల్ జ్వరం అన్నారట.

"బుజ్జీ, ఒకసారి చూడు నాన్నా" అని ఎంత బతిమాలినా చూడలేదు. చివరికి మొహం తిప్పకుండానే అంది. "నువ్వు ఆ పాపని ఎత్తుకున్నావు. నేను మాట్లాడను."

ఏ పాప అని అడిగితే ఏడుపు.

అత్తయ్య ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. "ఏమే, ఆడ ఏడన్నా పిలిచావా?"

"ఏంటత్తయ్యా?"

"లేచేటప్పుడు. పిలిచావా లేదా?"

"అలవాటుగా అనేశాను."

"ఏమని?"

"రా బుజ్జీ పోదాం అని."

ఆవిడ మొదలుపెట్టింది. "బుజ్జి ఏ ఇంట్లో లేదే? మన బజార్లోనే నలుగురున్నారు. పేరు పెట్టి పిలవమని ఎన్ని మాట్లు చెప్పాను? చానా చదువుకున్నావుగా, ఇదేంది? పక్కన బిడ్డ లేకుండా పిలిస్తే ఎవురొస్తారే?"

"అత్తయ్యా, అలాంటివి పాప ముందు మాట్లాడకండి."

"నేనేం మాట్లాడలా. అదే మాట్లాడతంది. ఏడ ఎక్కించుకున్నావో ఆడ దింపి రా. ఈడకి మాత్రం తీసుకురాబాక."

నిజం చెప్పాలంటే ఆవిడనూ అనుమానించాను. నా ప్రయాణం ఆవిడకు ముందు నుంచీ ఇష్టం లేదు. పాపకు ఆవిడే ఆ మాట నేర్పి ఉంటుందనుకున్నాను. కానీ తోట సంగతి గాని, గంట సంగతి గాని, హోటల్లో పళ్ళెం సంగతి గాని నేనప్పటికి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాప అన్నం మానేసిన వేళ లెక్క వేశాను. ఇంటికంటే మలేషియాలో గడియారం రెండున్నర గంటలు ముందు. లెక్క చేతి వేళ్ళ మీదే అయిపోయింది, నేను తోటలో ఆ మాట అన్న వేళే. మళ్ళీ వేశాను.

మంగళవారం నా విమానం. సోమవారం పాప జ్వరం నూట రెండు దాటిందని మెసేజ్ వచ్చింది. ల్యాబ్‌లో చేతులు పని చేస్తున్నాయి గాని, ఏ రీడింగు రాశానో నాకే తెలియదు. నమ్మకం లేదు. కానీ నమ్మకం లేదని అలాగే ఇంటికి వెళ్ళి, పాప మంచం పక్కన నిలబడి, ఒకవేళ నిజమైతే అనుకుంటే? సాయంత్రం నాలుగింటికి హఫీజ్ గారి దగ్గరికి వెళ్ళి, నిన్నటి తోటకు మళ్ళీ తీసుకెళ్తారా అని అడిగాను.

ఎందుకని ఆయన అడగలేదు. కారు తాళాలు అప్పటికే చేతిలో ఉన్నాయి.

దారిలో నేనే నిలదీశాను. మీకేం తెలుసో చెప్పండి అన్నాను. "మేమెవరం అలాంటి చోట ఎవరినీ పిలవం. మీరు పిలిచారు. మీరు మా అతిథి, భయపెట్టడం ఎందుకని ఊరుకున్నాను" అన్నారు. తలుపు ఎందుకు పట్టుకుని నిలబడ్డారని అడిగాను. ఆయన అద్దంలోంచి వెనక సీటు వైపు చూశారు. మధ్య సీటు బెల్టు మేలింగ్ పెట్టింది పెట్టినట్టే ఉంది.

చేరేసరికి ఐదున్నర. ఇంకా ఎండ ఉంది. ఒక్కదాన్నే చిన్న రాళ్ళ దగ్గరికి వెళ్ళాను. పాప కోసం కొన్న చాక్లెట్లలోంచి రెండు ఆ రాయి దగ్గర పెట్టాను. ఇక్కడే ఉండు, నా వెంట రావద్దు అని చెప్పమని అత్తయ్య ఫోన్లో నేర్పింది. దారంతా ఆ మాటే అనుకుంటూ వచ్చాను.

రాయి ముందు నిలబడ్డాను. ఎదురుగా ఏమీ లేదు. గడ్డి, రాయి. అయినా ఒక బిడ్డతో నా వెంట రావద్దు అని చెప్పడం నా వల్ల కాలేదు. ఏదో ఒకటి చెప్పి వెళ్ళాలి. నోటికి వచ్చిన మాట చెప్పాను. "ఇప్పుడే వస్తా."

వెనక్కి తిరిగి చూడకుండా నడిచాను. హఫీజ్ గారు చాలా దూరంలో, కారు దగ్గర, అటు తిరిగి నిలబడి ఉన్నారు. నేనెక్కగానే తలుపు వెంటనే వేసేశారు. కారు కదిలాక నేనే మధ్య సీటు బెల్టు తీసేశాను. గంట మోగలేదు. నేను దిగిన హోటల్ దాకా మోగలేదు.

సోమవారం మధ్యాహ్నమే పాప లేచి పెరుగన్నం అడిగి తిన్నదని అత్తయ్య చెప్పింది. ఎన్నింటికి అంటే "సీరియల్ అయినాక" అంది. ఆవిడ సీరియల్ టైములు సాక్ష్యంగా పనికిరావు. ఇంటికి వచ్చాక పాప పరుగెత్తుకొచ్చింది. చంక ఎక్కే ముందు ఆగి, నా రెండో చంక వైపు వంగి చూసింది. తర్వాత ఎక్కింది.

ఆ తర్వాత నేను అన్నీ ఆరా తీశాను. హఫీజ్ గారు కారు సర్వీసుకిచ్చినప్పుడు సీటు చూడమన్నారట, మెకానిక్కులు లోపం లేదన్నారట. పళ్ళెం సంగతి తను చెప్పలేదని మేలింగ్ ఇప్పటికీ ఒట్టేస్తుంది. జ్వరాలు వస్తాయి, పోతాయి. తల్లి దూరంగా ఉంటే పిల్లలు అలుగుతారు, వేరే పాప అని కుళ్ళుకుంటారు. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉంది. ఒక్కటి తప్ప.

వచ్చినప్పటి నుంచీ ఇంట్లో ఎవరం పాపను బుజ్జి అనడం లేదు. మొన్న ల్యాబ్ నుంచి మళ్ళీ అడిగారు, వచ్చే నెల మలేషియా వెళ్తావా అని. ఇంట్లో చిన్నపిల్ల ఉంది సార్ అని తప్పించుకున్నాను. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఆ రాత్రి పాపకు అన్నం పెడుతుంటే, సగం ముద్ద నోట్లో పెట్టుకుని అడిగింది. "అమ్మా, బుజ్జికి ఇప్పుడే వస్తా అని చెప్పావుగా. ఎప్పుడెళ్తావు?"

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఉండిపొమ్మని చెప్పానని అత్తయ్యకు అబద్ధమాడాను. హఫీజ్ గారికి తెలుగు రాదు, వినపడేంత దగ్గర్లోనూ లేరు. రోజూ తనతో అనే మాటే కదా, అదే గుర్తొచ్చి అడిగిందేమో. అలాగే అనుకోవాలని చూస్తున్నాను.

నేను ముద్ద కలుపుతూ కూర్చున్నాను. పాప నా మొహం వైపు చూసి, ఇంక అడగలేదు. తలూపింది.