రోగం షాపు

ఇబ్రహీంపట్నం బస్టాండు దగ్గర సబీనాకు టైపింగ్, ప్రింటింగ్ షాపు ఉంది. భర్త సయీద్ పోయాక పెట్టుకున్నది. తెలుగూ ఉర్దూ రెండూ టైపు చేస్తుంది కాబట్టి, మంచాల ఊరినుంచి వచ్చి బస్సు దిగినవాళ్లు కూడా పెళ్లికార్డులకూ అర్జీలకూ ఆమె దగ్గరికే వచ్చేవారు. మాట తక్కువ మనిషి. అచ్చుతప్పు కనిపిస్తే మాత్రం కాగితం చించేసి మళ్లీ తీసిచ్చేది.

పక్క షట్టరు ధర్మేందర్ ఫొటో స్టూడియో. కార్డులకు మంచి డిజైన్లు వస్తాయంటూ ఒకరోజు అతను పెన్‌డ్రైవ్‌లో ఒక ప్రోగ్రాం తెచ్చిచ్చాడు. ఎక్కడినుంచో దించుకున్న దొంగ కాపీ అది. సబీనా దాన్ని తన కంప్యూటర్లో తెరిచింది.

కొద్దిరోజుల్లోనే కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది. యాంటీవైరస్ తెరుచుకోవడమే మానేసింది. దొంగ కాపీలో దాగిన వైరస్ ఒక్కో ప్రోగ్రాం ఫైలుకూ అతుక్కుంటూ పోయింది. ఏ ప్రోగ్రాం తెరిచినా ముందు అదే లేచి మరికొన్నింటికి అంటుకునేది. ప్రింటు కోసం ఎవరు పెన్‌డ్రైవ్ పెట్టినా అందులోకి ఎక్కేది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు దాన్ని తెలియకుండానే హాస్టళ్లకు మోసుకుపోయారు.

వాళ్లలో దీక్షిత్ అనే విద్యార్థి ప్రాజెక్టు పాడైంది. అతను స్నేహితులను వెంటేసుకొచ్చి, సబీనాను షాపు బయటికి పిలిచి, అందరిముందూ నిలబెట్టి కడిగేశాడు. ధర్మేందర్ తన మెట్టు మీద కూర్చుని టీ తాగుతూ చూస్తున్నాడు.

"జర చెప్పన్నా, గా పెన్‌డ్రైవ్ నువ్వు తెచ్చిందే గదా" అంది సబీనా.

"నేనెప్పుడు తెచ్చిన? నీ షాపుకే రోగమున్నది. ఊరందరికి అంటిస్తున్నవ్."

పిల్లలు నవ్వారు. ఆ రోజునుంచి అది రోగం షాపు అయింది. బస్సు దిగినవాళ్లు ఆమె గుమ్మం దాటి ముందుకు పోయేవారు. షట్టరు మీద ఎవరో ఆ పేరు సుద్దముక్కతో రాసిపోతే, తడిగుడ్డతో ఆమే తుడుచుకుంది.

వైరస్ తీసేయడానికి ఆమె చేసిన మొదటి ప్రయత్నం వృథా అయింది. అంతా పోయిందనుకుని పాత పెన్‌డ్రైవ్ పెట్టగానే తిరిగొచ్చింది. నాదర్‌గుల్‌లో కంప్యూటర్లు బాగుచేసే పిన్ని కూతురు షీరీన్ అప్పుడు అసలు పద్ధతి చెప్పింది. ముందు ఇంటర్నెట్ వైరు పీకేయాలి. ఆ కంప్యూటర్ తనంతట తాను మొదలైతే వైరస్ కూడా లేస్తుంది కాబట్టి, వేరే మంచి కంప్యూటర్లో తయారుచేసిన డిస్కుతో దాన్ని నడిపించి, బయటినుంచి ఫైళ్లన్నిట్లో వైరస్‌ను వెతికించాలి. బాగుపడే ఫైళ్లు బాగుపడతాయి, పడనివి తీసేసి ప్రోగ్రాంలు కొత్తగా వేసుకోవాలి. పెన్‌డ్రైవ్‌లు ఒక్కటి కూడా వదలకుండా శుభ్రం చేయాలి. ఈ వైరస్ ప్రోగ్రాంలకే తప్ప ఫొటోలకు అంటదనీ, వాటిని దాచుకోవచ్చనీ కూడా షీరీన్ చెప్పింది.

సబీనా అంతా అలాగే చేసింది. కంప్యూటర్ బాగైంది. ఎవరి పెన్‌డ్రైవ్ అయినా ఊరికే శుభ్రం చేసిస్తానని బయట కాగితం అంటించింది. ఒక్కరూ రాలేదు.

పెళ్లిళ్లు మొదలయ్యే వేళకు ధర్మేందర్ కంప్యూటర్ కూడా అదే వైరస్‌తో పడకేసింది. అతను మొదటిసారి తల వంచుకుని ఆమె షాపులోకి వచ్చాడు.

"పెద్ద అంబర్‌పేట్ నుంచి మెకానిక్ వచ్చిండు. మొత్తం తుడిచెయ్యాలంటున్నడు. ఫొటోలకు గూడ ఎక్కుతదా ఇది?"

సబీనా తెరమీదినుంచి చూపు తిప్పలేదు.

"నాకేం తెలుసన్నా? నాది రోగం షాపు గదా."

అతను తన స్టూడియోకు వెళ్లిపోయాడు. మెకానిక్ పక్క షాపులోనే సాయంత్రం దాకా ఉన్నాడు. గోడకవతల అతని మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. లేచి నాలుగడుగులు వేసి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆమె లేవలేదు. ఏళ్లనాటి పెళ్లిళ్ల, పేరంటాల ఫొటోలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఆల్బంల కోసం వచ్చినవాళ్లు ధర్మేందర్ కాలరు పట్టుకుంటుంటే సబీనా కుర్చీ గుమ్మం దగ్గరికి లాక్కుని చూసింది. చాలాకాలానికి ఆమెకు అన్నం సయించింది.

తర్వాత మంచాల నుంచి మల్లేశయ్య అనే ముసలాయన వచ్చాడు. మనవరాలి పెళ్లిలో ధర్మేందర్ తీసిన ఫొటో తప్ప ఆయన భార్యది మరో ఫొటో లేదట. అచ్చు వేయించకముందే ఆవిడ చనిపోయింది.

"బిడ్డా, నీకు గీ మిషన్ల సంగతి తెలుసంటరు. మా ముసల్దాని ఫొటో జర ఎతికిస్తవా?"

సబీనా అడిగితే ధర్మేందర్ కంప్యూటర్ ఇచ్చాడు. ఆమె ఆ పగలంతా వెతికింది. మెకానిక్ తుడిచేసిన పాత ఫైళ్ల మీద కొత్తవి నింపేశాడు. ఏమీ దొరకలేదు. ముసలాయన స్టూలు మీద అలాగే కూర్చున్నాడు.

"లేదు బాపూ" అంది చివరికి.

"రోగం ఫొటోలను గూడ తిన్నదా బిడ్డా?"

"అవ్" అంది సబీనా.

ఆయన తల ఊపి, తువ్వాలు భుజాన వేసుకుని బస్సుకు నడిచాడు. ధర్మేందర్ ఆ నెలలోనే స్టూడియో ఖాళీ చేశాడు. కార్డుల గిరాకీ మళ్లీ సబీనా దగ్గరికే వచ్చింది.