చందాపుర టైఫాయిడ్

మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచే మనిషికి అంతకుముందు ఏదో ఒక పెద్ద ఆపద వచ్చి ఉండాలి. ఇలా ఎక్కడా రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. లారీ కింద పడి లేచినవాడు, తాగి తాగి ఒకరోజు సీసా పగలగొట్టినవాడు, డాక్టర్లు చేతులెత్తేశాక లేచి అన్నం అడిగినవాడు మైకు ముందుకొస్తే చివరి బెంచీ దాకా ‘స్తోత్రం’ అని కేకలు పడేవి. నాలాంటివాడు లేచి, ‘ఈ వారం ఏమీ కాలేదండీ, దేవునికి వందనాలు’ అంటే హార్మోనియం ఆయన కూడా తలెత్తేవాడు కాదు. మామూలుగా పుట్టి మామూలుగా పెరిగిన మనిషిని ఏం చేసుకోవాలో మాకు తెలియదు.

ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, మా అక్కకు ఒక ఏడాది పోయింది దీనివల్లే. దీనివల్ల సగం, నావల్ల సగం.

మా నాన్న మేస్త్రి పని కోసం రాయలసీమ నుంచి వచ్చి నగరం అంచున ఉన్న చందాపురలో స్థిరపడ్డాడు. నేను తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారి కూడా అవే పాఠాలు చెప్పాలంటే పంతుళ్ళకు ఎంత విసుగో అని జాలిపడి మానేశాను. నాకంటే ఐదేళ్ళు పెద్దదైన అక్క ఆ జాలిని ఒప్పుకోలేదు. చెవి పట్టుకుని తీసుకెళ్ళి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కూర్చోబెట్టింది. టైపింగ్‌లో ఒక సుఖం ఉంది. అర్థం తెలియకపోయినా వేళ్ళకు తెలిస్తే చాలు. అలా తొంభైల మధ్యకల్లా నేను చందాపుర సర్కిల్లో ఒక జిరాక్స్ అంగడిలో టైపిస్టునయ్యాను. ఇంటి అద్దె ఒప్పందాలు, కంపెనీలకు బయోడేటాలు, పోగొట్టుకున్న మార్కుల జాబితాల కోసం అఫిడవిట్లు, ఇవే నా సాహిత్యం.

ఏడాదికొకసారి, ఎండలు ముదిరే రోజుల్లో, చర్చిల మనుషులు వచ్చేవాళ్ళు. డిగ్రీ అయినవాళ్ళు చదివే దైవశాస్త్రం కోర్సుకు, అంటే బి.డి.కి, నగరంలో ఒక కాలేజీ దరఖాస్తులు పిలిచేది. ఫారంతో పాటు బాప్తిస్మం సర్టిఫికెట్టు, డాక్టరు సర్టిఫికెట్టు, పాస్టరుగారు సిఫారసు ఉత్తరం లోపల పెట్టి అంటించి అతుకు మీద సంతకం పెట్టిన కవరు కావాలి. అన్నిటికంటే కష్టమైనది ఒకటుంది. ‘దేవుడు నన్ను ఎలా పిలిచాడు’ అని రెండు పేజీలు ఇంగ్లిషులో రాయాలి.

రెండువేల సంవత్సరం దాటాక మా అంగడికి కంప్యూటరు వచ్చింది. టైపుమిషన్ మీద ఒక మనిషి కథ ఇంకో మనిషికి తొడగాలంటే మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి. కంప్యూటర్లో పేరు మారిస్తే చాలు. సైతాను నాకు అంత సులువైన దారి చూపించాడని అప్పుడు తెలియలేదు.

ఆ ఏడు మొదట వచ్చినవాడు అత్తిబెలెలో ఒక కంపెనీలో లోడింగ్ పని చూసే అన్న. సన్నగా, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉండేవాడు. ఆయన రాసుకొచ్చిన కాగితం టైపు చేస్తూ నేను రెండుసార్లు ఆగిపోయాను. తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్. ఇరవైఒక్క రోజులు. డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నాడు. తల్లి మంచం కోడుకు తన కొంగు కట్టుకుని మోకాళ్ళ మీదే ఉండిపోయింది. ఒక తెల్లవారుజామున పిల్లాడు కళ్ళు తెరిచి నీళ్ళడిగాడు. ఎవరో పెద్దాయన దగ్గరుండి దిద్దిన ఇంగ్లిషు. నాకు ఇంగ్లిషు చదవడం కాస్త వచ్చు, రాయడం రాదు. కాబట్టి దాన్ని భద్రంగా దాచుకున్నాను.

వారం తర్వాత కుందలహళ్ళిలో కంపెనీ క్యాంటీన్ చూసుకునే అన్న ఒకాయన ఖాళీ కాగితంతో వచ్చాడు.

“నాకేం కాలేదప్పా. ఏం రాయల్ల?” అన్నాడు.

“చిన్నప్పుడు జరం గిరం ఏమైనా వచ్చిందా అన్నా?”

“జరం ఎవరికి రాదప్పా?”

“చాలు. కూర్చో.”

టీ తాగి వచ్చేలోగా ఆయనకు టైఫాయిడ్ వచ్చి తగ్గిపోయింది. చదువుకుని, “శానా బాగుండాది. నాకే ఏడుపొస్తాంది” అని సంతకం పెట్టాడు.

మూడోది మా అక్క. ఆమె అత్తిబెలెలోనే ఒక కంపెనీలో చిన్న చిన్న సామాన్లను భూతద్దం కింద పెట్టి బాగోగులు చూసే పనిలో ఉండేది. దూరవిద్యలో బి.ఏ. కట్టింది. ఆదివారం బడి పిల్లలకు పాఠాలు చెప్పేది. బి.డి. చదువుతానని అన్నప్పుడు ఇంట్లో అమ్మ పప్పు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా పాస్టరు అయ్యగారు మాత్రం గట్టిగానే అన్నాడు.

“ఆడబిడ్డకు బి.డి. ఎందుకమ్మా? స్త్రీల సమాజం ఉండాది కదా, చూసుకో.”

“చూసుకుంటానే ఉండాను అయ్యగారూ. చదువుకుని చూసుకుంటాను.”

నాలుగుసార్లు తిరిగాక ఆయన కవరు మీద సంతకం పెట్టాడు. ఆ కాలేజీ ముప్పై నిండినవాళ్ళను తీసుకోదు. అక్కకు ఇరవై ఎనిమిది నిండాయి. అంటే ఈ ఏడాది, లేదంటే పై ఏడాది. ఆపైన తలుపు మూసేస్తారు.

ఆమె ఇచ్చిన కాగితంలో ఎనిమిది లైన్లున్నాయి. నేను చదివాను. అందులో ఎవరూ లారీ కింద పడలేదు. వెలుగు రాలేదు. పైగా కథ సగంలో ఆగిపోయింది. ఇది చదివి ఎవడు స్తోత్రం అంటాడు అనుకున్నాను. నన్ను చెవి పట్టి మనిషిని చేసిన అక్క. ఆమెకు సీటు పోతే? ఆమె కాగితం డ్రాయర్లో పెట్టి, నా దగ్గరున్న మంచి వస్తువు తీసి ఆమెకిచ్చాను. అది ఇంకొకాయనదన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తుకూడా రాలేదు.

పంపడానికి ఆఖరి రోజు, షిఫ్టు అయ్యి పరిగెత్తుకుంటూ వచ్చింది.

“చదవనీరా ఒకసారి.”

“కొరియరు వాడు మూసేస్తాడు. సంతకం పెట్టక్కా.”

“రెండు పేజీలెట్లయిందిరా?”

“అక్షరాలు పెద్దవి పెట్టినా.”

సంతకం పెట్టింది. జీవితంలో ఆమె చదవకుండా సంతకం పెట్టిన కాగితం అదొక్కటే.

నెల తర్వాత ఇంటర్వ్యూకు పిలుపొచ్చింది. తోడుగా నేనూ వెళ్ళాను. మెజెస్టిక్‌ బస్టాండులో బస్సు మారి, కాలేజీ గేటు దాటి వరండాలోకి వచ్చేసరికి బెంచీ మీద అత్తిబెలె అన్న, కుందలహళ్ళి అన్న పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి చెయ్యెత్తారు.

అక్కను తాగునీళ్ళ డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్ళాను.

“అక్కా, నీకు తొమ్మిదేళ్ళప్పుడు టైఫాయిడ్ వచ్చింది.”

“నాకా? ఎప్పుడొచ్చిందిరా?”

“పోయిన నెల.”

నా మొహం చూసింది. నేను తమాషాలాడేటప్పుడు ఎలా ఉంటానో, ఆడనప్పుడు ఎలా ఉంటానో తెలిసిన మనిషి.

“ఆ బెంచీ మీద ఉన్న ఇద్దరికి కూడా వచ్చింది,” అన్నాను.

“నేను రాసిచ్చింది ఏం చేసినావు?”

“డ్రాయర్లో ఉండాది.”

“నిజంగా జరం వచ్చింది ఎవరికి?”

“అత్తిబెలె అన్నకు.”

గ్లాసు నీళ్ళు తాగింది. గ్లాసు బోర్లించి, కొంగు సర్దుకుని వెళ్ళి బెంచీ చివర కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ముందు అత్తిబెలె అన్నను పిలిచారు. చాలాసేపయ్యాక బయటికొచ్చాడు. చెమటతో చొక్కా వీపుకు అంటుకుని ఉంది.

“నమ్మడం లేదు తమ్ముడూ. ఇట్లాంటివి ఇంకా ఉండాయంట. జబ్బు చీటీ ఉండాదా అంటారు. ఇరవై ఏండ్ల కిందటి చీటీ యాడుంటుంది?”

తర్వాత అక్కను పిలిచారు. లోపల జరిగింది తిరుగు బస్సులో కిటికీ వైపు చూస్తూ ఆమె చెప్పిందే నాకు తెలుసు.

నలుగురు కూర్చున్నారట. మధ్యలో తెల్ల చీర కట్టుకున్న పెద్ద ప్రొఫెసరమ్మ. మూడు కాగితాలు ముందు పరుచుకుని, “చందాపుర వైపు నీళ్ళు అంత చెడ్డవా అమ్మా?” అని అడిగిందట.

“నీళ్ళు బాగానే ఉన్నాయండీ. ఇందాక వచ్చినాయనకు నిజంగానే టైఫాయిడ్ వచ్చింది. ఆయన్ను నమ్మండి. నాకు రాలేదు. నాది మా తమ్ముడి కంప్యూటర్లోంచి వచ్చింది.”

“మూడో మనిషిది?”

“ఆయన సంగతి ఆయన్ను అడగండి.”

మరి నీది ఏదని అడిగితే చెప్పిందట. విన్నారట. కానీ సంతకం ఉన్న కాగితం ముందుండగా నోటిమాటతో సీటివ్వడం కుదరదన్నారట.

అత్తిబెలె అన్నను మళ్ళీ లోపలికి పిలిచి, క్షమాపణ అడిగి, సీటిచ్చారు. కుందలహళ్ళి అన్న, “చిన్నప్పుడు కదా సార్, మరిచిపోయినా” అన్నాడట. ఆయన్ను ఇంటికి పంపారు. పదిహేను రోజులకు అక్కకు ఉత్తరం వచ్చింది. ఈ ఏడాది తీసుకోలేమని, పై ఏడాది సొంత మాటల్లో రాసి పంపవచ్చని.

ఆ ఉత్తరం వచ్చాక మూడు వారాలు నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టకుండా మాత్రం లేదు. నేను ఎదురుగా కూర్చుని ఉన్నా, “మా, వానికి చెప్పు, పులుసు ఉండాది” అనేది. నేనూ, “మా, ఆమెకు చెప్పు, చాలు” అనేవాణ్ణి. మధ్యలో అమ్మకు మెడ నొప్పి పుట్టింది.

అత్తిబెలె అన్న కాలేజీలో చేరబోయే ముందు అంగడికి వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలో దిద్దుకుంటుంటే ఆయనే అన్నాడు.

“నా జరం అంటుకుంటుందని నాకు ఇప్పుడే తెలిసింది తమ్ముడూ.”

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. ఎదుటివాడి జోకుకు నవ్వలేకపోవడం నాకదే మొదటిసారి.

ఏడాది తిరిగింది. ఇదే ఆఖరు. అయ్యగారు కవరు మీద మళ్ళీ సంతకం పెడుతూ కళ్ళద్దాల పైనుంచి నన్ను చూశాడు.

“ఈసారి ఏం జబ్బప్పా? కలరానా?”

“లేదయ్యగారూ. ఆరోగ్యంగా ఉండాది.”

ఆదివారం ఆరాధన అయ్యాక అక్క అంగడికి వచ్చింది. డ్రాయరు తనే తెరిచి పాత కాగితం తీసింది. మడతల దగ్గర కాస్త పసుపుపచ్చగా అయింది. నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, “నేను చదువుతాను. నువ్వు కొట్టు. వేళ్ళతో మాత్రమే కొట్టు,” అంది.

ఆమె ఇంగ్లిషులో చదివింది. నాకర్థమైనంతలో అది ఇది:

‘కట్టడం పని చేసేవాళ్ళ షెడ్లలో ఒక పసిబిడ్డ చనిపోయింది. వాళ్ళు మా సంఘం వాళ్ళు కారు. పాస్టరుగారు ఊళ్ళో లేరు. ప్రార్థన చేసే మనిషి ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరో నన్ను చూపించారు. నేను వెళ్ళి నాకు తెలిసిన ప్రార్థన చెప్పాను. అది అయ్యాక ఆ తల్లి, నా బిడ్డ ఇప్పుడు ఎక్కడుందని నన్ను అడిగింది. నా దగ్గర మాట లేదు. ఆమె చెయ్యి పట్టుకుని ఊరికే నిలబడ్డాను. మళ్ళీ అలా ఎవరైనా అడిగితే ఊరికే నిలబడకూడదని చదవాలనుకుంటున్నాను.’

ఆ రోజు నేనూ అక్కడున్నాను. గుంట తవ్వడానికి పార తెచ్చింది నేనే. ఆ తల్లి అడగడం విన్నాను. అక్క ఏమీ చెప్పకపోవడం చూశాను. చూసి కూడా, ఏడాది కిందట ఈ కాగితం చదివి, ఇందులో ఏమీ జరగలేదని డ్రాయర్లో పడేశాను.

వేళ్ళు ఆగిపోయాయి. నా నోరు ఊరుకోదు కదా.

“అక్కా, దీనికి ముగింపు లేదే?”

“అది లేకనే కదరా పోతాండేది.”

కొట్టాను. ప్రింటు తీసిచ్చాను. ఆమె మొదటి నుంచి చివరి దాకా రెండుసార్లు చదివింది, అడుగున వేలు పెట్టి ఆగింది.

“ఇది నేను చెప్పలేదే.”

“థాంక్యూ అని పెట్టినా. మర్యాద కోసం.”

కాసేపు ఆ మాట వంక చూసి, దాని కింద సంతకం పెట్టింది.

ఇంటర్వ్యూలో మళ్ళీ ఆ తెల్లచీర ప్రొఫెసరమ్మే. కాగితం తీసి, “ఈసారి ఎవరు టైపు చేశారు?” అందట.

“మా తమ్ముడే.”

“ఏమైనా కలిపాడా?”

“థాంక్యూ అని కలిపాడండీ. అది ఉంచాను.”

ఆమె నవ్విందో లేదో అక్క చెప్పలేదు. ఆ తల్లి గురించి మాత్రం చాలాసేపు అడిగారని చెప్పింది.

ఉత్తరం అంగడి చిరునామాకే వచ్చింది. అక్క షిఫ్టులో ఉంది. నేను కవరు చింపకూడదు, చింపాను. మొదటి లైను నాకర్థమైంది. రెండోది అర్థం కాలేదు, మూడోదాంట్లో హాస్టలుకు బకెట్టు, దోమతెర తెచ్చుకోమని ఉంది. బకెట్టు తెచ్చుకోమన్నారంటే సీటు ఖాయమే.

అంగడి షట్టరు సగం దించి ఆ ఉత్తరానికి ఐదు జిరాక్సులు తీశాను. అమ్మకొకటి, అయ్యగారికొకటి, అత్తిబెలె అన్నకొకటి, నాకొకటి. ఐదోది ఎందుకో తెలియదు, చెయ్యి ఆగలేదు. సాయంత్రం కంపెనీ బస్సు దిగిన అక్క చేతిలో అసలుది పెట్టాను. ఆమె అక్కడే నిలబడి చదివింది, తర్వాత నన్ను చూసింది.

“ఏమన్నా మార్చినావా?”

“లేదక్కా,” అన్నాను. “ఒక్క అక్షరం ముట్టలేదు.”