నిమ్మకాయ కట్టిన డిస్ట్రాయర్

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసిన రోజున మా హెడ్మాస్టరు పిల్లలందరికీ మిఠాయి పంచారు. నాకు రెండిచ్చారు. అలాంటివాణ్ని, ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో డెలివరీ వ్యాన్ తోలుకుని బతికేవాణ్ని, ప్రతి ఆదివారం బిర్యానీ ముందు కూర్చుని ఒక ఫ్రెంచి యుద్ధనౌక చరిత్ర వినాల్సి వచ్చింది. వినిపించేది మా బావమరిది. మా ఆవిడ తమ్ముడు, ఇక్కడి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. పగలంతా జనం ఎముకలు అతికించింది చాలక, ఇంటికొచ్చి చెక్కముక్కలతో డిస్ట్రాయర్ బొమ్మ అతికించేవాడు.

బొమ్మ అంటే ఊరుకోడు.

"మోడల్ అను బావా."

ఆ నౌకలో మురిసిపోవడానికి ఏముందో నాకిప్పటికీ అంతుపట్టదు. పోయిన శతాబ్దం ఇరవైల్లో ఫ్రెంచివాళ్లు వేగం మీద మోజుతో గీసుకున్న నౌక. సన్నటి ఒళ్లు, మూడు పొగగొట్టాలు, ఒంటికి మించిన ఫిరంగులు. ఒక గుండు పేల్చి ఇంకోటి ఎక్కించేలోపు శత్రువు భోంచేసి రావచ్చు. పైబరువు ఎక్కువై, కాస్త అల లేస్తే తాగినవాడిలా ఊగేది. ఇంధనం చూస్తే దూరాలకు చాలదు. యుద్ధం వచ్చింది, ఫ్రాన్సు చేతులెత్తేసింది, ఈ వీరనౌక ఇంగ్లండ్ రేవుకొచ్చి తలదాచుకుంది. ఇది జర్మన్ల చేతికి పోతుందేమోనని ఒకరోజు తెల్లవారుజామున ఇంగ్లీషువాళ్లు పైకెక్కి, నావికుల్ని నిద్రలేపి, ఇక ఇది మాది అన్నారు.

"అంతేనా?" అన్నాను.

"తరవాత ఇంగ్లీషు ఫిరంగులు బిగించి, దాని మీద కొత్త నావికులకు గురి నేర్పారు బావా."

అంటే ఆఖరికి దాన్ని బడి చేశారన్నమాట. అంతకన్నా పెద్ద శిక్ష నాకైతే తెలియదు.

ఇదంతా కాలక్షేపం అయితే నేను ఊరుకునేవాణ్నే. కానీ మా బావమరిది ఊళ్లో మోడల్ పడవల క్లబ్బులో చేరాలని పట్టుబట్టాడు. టోపీలు పెట్టుకుని, పార్కు చెరువులో బాతుల్ని బెదరగొట్టే ముసలాళ్ల క్లబ్బు. వాళ్ల నియమం ఒక్కటే: సొంతంగా చేసిన పడవ చెరువు చుట్టూ ఒక చుట్టు తిరిగి ఒడ్డుకు రావాలి. వస్తే సభ్యుడు. ఈ దేశంలో ఇన్నేళ్లున్నా డ్యూటీల రోటాలో పేరు తప్ప తనకంటూ ఒక చోటు లేదని మావాడి దిగులు. ఆసుపత్రి బయట తనను పేరు పెట్టి పిలిచే నలుగురు కావాలి. అందుకు ఈ నౌక తిరగాలి.

యుద్ధకాలంలో ఎలా ఉందో అలాగే ఉండాలని, విమానాల మీదికి పేల్చే చిన్న ఫిరంగులు కూడా ఇత్తడితో చేసి పైన బిగించాడు. బాత్‌టబ్‌లో వేస్తే ఓ పక్కకు ఒరిగింది.

"అడుగున కాస్త సీసం పెట్టు డాక్టరూ," అన్నాను.

"పెడితే అది వేరే నౌక అవుతుంది. అసలుది ఒరిగేది, నాదీ ఒరగాలి."

అంత చదువు చదివితే గానీ ఇలాంటి మాట రాదు.

పరీక్ష రోజు చెరువుగట్టు మీద క్లబ్బు పెద్ద, తెల్లమీసాలాయన, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు మావాడి భార్య సంచీలోంచి కొబ్బరికాయ తీసింది. కొత్త బండి కొన్నా పూజ చేయందే కదిలించని ఇల్లు వాళ్లది. కొబ్బరికాయ గట్టు మీద పగిలింది, బాతులు పారిపోయాయి. పసుపు, కుంకుమ అయ్యాయి. ఇక నిమ్మకాయ. కారుకైతే చక్రాల కింద పెడతారు.

"దీనికి చక్రాల్లేవు కదా అన్నయ్యగారూ, ఎక్కడ పెట్టమంటారు?" అని నన్నడిగింది.

"నన్నడక్కమ్మా, ఫ్రెంచి ఇంజినీర్లనడుగు."

ఆమె నిమ్మకాయకు రెండు పచ్చిమిరపకాయలు గుచ్చి దారంతో నౌక మీది కొయ్యస్తంభం పైన కట్టేసింది. అడుగున చిటికెడు సీసం ఒప్పుకోనివాడు, భార్య నౌక నెత్తిన పెట్టిన నిమ్మకాయకు నోరెత్తలేదు. బరువు పైన పెట్టడంలో మళ్లీ అదే ఫ్రెంచి తెలివి, తరం మారినా.

నౌక బయల్దేరింది. ముప్పావు చెరువు దర్జాగానే పోయింది. మావాడు రిమోట్ పట్టుకుని గట్టు వెంబడి నడిచాడు. అవతలి మలుపులో గాలి పక్కనుంచి తగిలింది. ముందు నిమ్మకాయ వంగింది, దాని వెనక కొయ్యస్తంభం, ఆ వెనక మూడు పొగగొట్టాలు. ఇంకేం, బోర్లాపడింది.

మావాడు బూట్లు విప్పకుండానే మోకాలి లోతు నీళ్లలో దిగి దాన్ని రెండు చేతులా ఎత్తుకొచ్చాడు, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు. తెల్లమీసాలాయన దగ్గరికొచ్చి, నిమ్మకాయను వేలితో తట్టి చూసి, ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు: "వచ్చే వారం మళ్లీ రండి. పండ్లు లేకుండా."

నేను ఊరుకుంటానా?

"ఫ్రెంచివాళ్లదైనా ఒక దేశం వచ్చి పట్టుకుంటే పోయింది డాక్టరూ. నీది నిమ్మకాయకే లొంగిపోయింది."

మావాడు పొగగొట్టాల్లోంచి నీళ్లు వంచుతూ నా మొహం కూడా చూడలేదు.

"నువ్వూ ఒకటి చేసి పట్టుకురా బావా. నిమ్మకాయ నేను కడతాను."